రెడ్డికి మాటలు నేర్పిన ఎండాకాలం

కంబగిరిరెడ్డి కోయిలకుంట్ల సంతలో బండి మీదికెక్కి, "అన్నలారా" అని ఒక్క మాట అని, రెండో మాట దొరక్క దిగిపోయిన మరునాడే మా ఇంటికి వచ్చాడు.

ఆయన రావడమే పెద్ద వింత. మావాళ్లు క్రైస్తవులై రెండు తరాలు గడిచినా జొన్నలదిన్నె ఊరివాళ్లకు మాది మాలగేరే. రెడ్లకు మాతో పనుంటే గేరి మొదట్లో నిలబడి కేక వేసేవాళ్లు, మేమే పోయేవాళ్లం. అట్లాంటిది ఆయన పట్టపగలు చెప్పులు టపటపలాడించుకుంటూ చర్చి పక్కనుంచి వచ్చి మా పందిరి కింద నిలబడ్డాడు. మా మామ శాంతయ్య గబగబా లేచి మంచం దులిపి వేశాడు. మా ఆయన ఏసేపు పగ్గం పేనుతున్న చేతులు ఆపాడు. నేను తలుపు చాటుకు పోయాను.

సంగతి మా అందరికీ తెలిసిందే. ఆ వేసవిలో తాలూకా రైతు సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక. కలెక్టరు దొర ముందు కూర్చుని కాలవ నీళ్లు ఏ ఊరికి ఎప్పుడు వదలాలో మాట్లాడేది ఆ ప్రెసిడెంటే. అప్పటిదాకా నంద్యాల ప్లీడరు ఒకాయన ఆ కుర్చీలో ఉన్నాడు. ఆయన పొలాలన్నీ కాలవ మొదట్లో ఉన్నాయి. మావి చివర. మొదటి ఊళ్లు తడిసి, మధ్య ఊళ్లు తడిసి, మా దగ్గరికి వచ్చేసరికి కాలవలో బురద మిగిలేది. నీటి తీరువ మాత్రం అందరికీ ఒకటే. అందుకని చివరి ఊళ్లవాళ్లంతా కలిసి కంబగిరిరెడ్డిని నిలబెట్టారు. మనిషి నిజాయితీపరుడు, కాలవ మీద ప్రతి తూమూ ఎరిగినవాడు. నోరు మాత్రం లేదు. ప్లీడరో, నోరు తెరిస్తే పోతున్న బండ్లు ఆగేవి.

రెడ్డి మంచం మీద కూర్చున్నాడు. మా మామ గొంతు సవరించుకున్నాడు. పాస్టరుగారు రాని ఆదివారాల్లో చర్చిలో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేది మా మామే. రెడ్డి తనకోసమే వచ్చాడనుకున్నాడు పాపం.

"శాంతయ్యా, నీ కోడలితో పనుండాది," అన్నాడు రెడ్డి.

మా మామ ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. రెడ్డి తల వంచుకుని, దాచుకోకుండా చెప్పాడు. "జొన్నకోతలప్పుడు ఆయమ్మ కథ చెప్తాంటే పక్క చేన్లో కూలోళ్లు గూడా కొడవండ్లు దించి మా గెనెం గట్టు మీదికొచ్చి నిలబడిరి. నేనే ఇంటికి పోయేది మర్చిపోతి. ఆ ఇద్దె నాకు రోంత నేర్పమను."

నేను జమ్మలమడుగు మిషను బడిలో చదువుకున్నాను. పల్లెలు తిరిగి ఆడవాళ్లకు బైబిలు కథలు చెప్పే పని కూడా అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆ పని ఆగిపోయింది. చర్చిలో ఆడది పాట పాడవచ్చు గాని మాట్లాడకూడదని మా మామ పట్టుదల. చేలో మాత్రం ఆయన ఉండడు గనుక నా నోరు నా ఇష్టం.

"ఆడిది మొగోల్లకు పాఠం చెప్పేదేంది రెడ్డీ," అన్నాడు మా మామ. మర్యాదగానే అన్నాడు, ఒప్పుకోనని తెలిసేట్టుగా కూడా అన్నాడు.

మా ఆయన తల ఎత్తకుండానే పగ్గం మెలివేస్తూ, "పాఠం యాడిది నాయనా. రెడ్డి మాట్లాడ్తాడు, ఆమె వింటాది. వినేదానికి అడ్డమేముండాది?" అన్నాడు.

మా మామ తలగుడ్డ దులుపుకుని చర్చి వైపు పోయాడు. అట్లా మొదలైంది.

పొద్దు వాలే వేళకు రెడ్డి వచ్చేవాడు. మొదటి రోజు జేబులోంచి కాగితాలు తీసి చదివాడు. "సోదర కర్షక మహాశయులారా" అని మొదలై, ఊపిరి తిప్పుకునే సందు లేకుండా సాగింది. మా బర్రె నెమరు ఆపి ఆయన వంక చూసింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఎవురు రాసిచ్చిరి రెడ్డీ?"

"ఆళ్లగడ్డ అయ్యవారు."

"ఆయప్పే చదువుకుంటే బాగుంటాది."

రెడ్డి కాగితాలు మడిచి రొంటిన దోపుకున్నాడు, మళ్లీ బయటికి తీయలేదు. ఆయన కోపం తెచ్చుకోకపోవడం చూశాక నా భయం పోయింది. మా ఆయన్ను వామిదొడ్డిలో గడ్డివాము అవతల నిలబెట్టి, ఏసేపుకు వినపడేట్టు మాట్లాడమన్నాను. రెడ్డి తన కాళ్లకు చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. మా ఆయన వాము వెనకనుంచి, "మొదులుపెట్టినాడా?" అని అడిగాడు.

కొన్నాళ్లు అట్లాగే గడిచింది. ఎంత కాలవ ఎక్కడ తెగింది, ఏ ఏడు ఎన్నడు వదిలారు, అన్నీ చెప్పేవాడు. ఒక్కటీ తప్పు కాదు, ఒక్కటీ చెవిలో నిలిచేది కాదు. ఒకనాడు నాకు విసుగొచ్చి, "కాలవ మాట ఇడిసిపెట్టు రెడ్డీ. పోయినేడు నీ వరి ఎండిన పొద్దు ఇంటికి పోయి నీ ఇంటామె రామలక్ష్మమ్మతో ఏం చెప్తివి?" అన్నాను.

"ఏమీ చెప్పల్యా."

"ఎందుకని?"

రెడ్డి కాలి బొటనవేలితో నేల గీశాడు. తర్వాత మెల్లగా, అన్నం ముందర కూర్చుంటే మెతుకు లోపలికి పోలేదన్నాడు. వెన్ను ఇంకా పొట్టలోనే ఉన్న వరి, నాలుగు రోజుల తడి ఉంటే చాలన్నాడు. పై ఊరి తూము దగ్గరికి పోతే అక్కడ నీళ్లకు అడ్డంగా పలక దించి, దాని మీద మంచం వేసి మనిషిని పండబెట్టారట. ఆ మనిషి లేవలేదట. రెడ్డి బతిమాలాడు. వయసులో చిన్నవాడిని పట్టుకుని "నాయనా, నాయనా" అన్నాడు. వాడు దుప్పటి ముసుగు తన్నాడు. చెబుతూ చెబుతూ రెడ్డి ఎప్పుడు లేచాడో లేచి నిలబడ్డాడు. చేతులు ఎట్లా పెట్టుకోవాలో నేను నేర్పింది ఏమీ లేదు, అవే లేచాయి. గొంతు గేరి చివరిదాకా పోయింది. వామి వెనకనుంచి మా ఆయన వచ్చి పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పక్కిళ్ల వాళ్లు గోడల మీదినుంచి తలలు ఎత్తారు.

అప్పుడు ఆయన గొంతు పట్టేసింది. దగ్గాడు. పక్కనే తిన్నె మీద మా నీళ్ల కడవ, దానిమీద చెంబు. రెడ్డి చెయ్యి చాచి చెంబు ముంచి గటగటా తాగాడు. మీసాలు తుడుచుకుని, "ఆ ముసుగు తన్నినోని పేరు గూడా నాకు తెల్సు," అంటూ చెప్పుకుపోయాడు. మళ్లీ ముంచి మళ్లీ తాగాడు.

మా మామ గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా అయ్యాడు. మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల చూశాను. ఊళ్లో రెడ్లు మా చేతి నీళ్లు తాగడం మా మామ పుట్టినప్పటినుంచి చూడలేదు. రెడ్డికి మాత్రం తాను ఏం చేశాడో తెలిసినట్టు లేదు. కథ ముగించి, "ఇట్ల చెప్తే సరిపోతాదా?" అని అడిగాడు.

"సరిపోతాది రెడ్డీ," అన్నాను.

ఆయన వెళ్లాక మా మామ ఆ చెంబు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నచోటే పెట్టాడు.

ఆ తర్వాత వారాలు ఎట్లా పరుగెత్తాయో. రెడ్డి బండి తోలేది మా ఆయన గనుక నేనూ వెనక బండిలో మరికొందరు ఆడవాళ్లతో పోయేదాన్ని. మీటింగులో జనం చివర నిలబడేదాన్ని. మా ఇద్దరికీ ఒక ఒప్పందం. నేను కొంగు తలమీద కప్పుకుంటే గొంతు పెంచాలి, భుజం మీదికి దించితే నిదానించాలి. చేతులు కట్టుకుంటే ఇక చాలని అర్థం.

"అన్నలారా" అనే మాట మాన్పించాను. ఎదురుగా ఎవరున్నారో చూసి వాళ్లతో మొదలుపెట్టమన్నాను. కాలవ చివర ఒక పల్లెలో గిడ్డమ్మ అని ఒక ముసలామె వచ్చి అరుగు మీద కూర్చుంది. రైతు ఇంటి ఆడమనిషి, మొగుడు పోయాక పట్టా తన పేర మార్పించుకుని తానే సేద్యం చేయిస్తున్నది, కాబట్టి సంఘంలో ఓటుంది. రెడ్డి ఆమెను చూసి, "గిడ్డక్కా, నీ దిగువ కయ్యకు నీళ్లెక్కి ఎన్నేండ్లాయె?" అని అడిగాడు. ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టి మధ్యలో ఆపి, "నా కొడుక్కు మీసాలు రాకముందప్పా," అంది. జనం ఘొల్లుమన్నారు. ఆ కొడుకు అక్కడే ఉన్నాడు, బుంగమీసాలతో. ఇక ఆ రోజు రెడ్డికి అడ్డు లేదు. నవ్వించాడు, ఆ నవ్వు మధ్యలోనే తూము మీది మంచం సంగతి చెప్పాడు. నవ్వుతున్న మొగవాళ్లు ఒక్కొక్కరే నోళ్లు మూసుకున్నారు. నా ఒళ్లు ఝల్లుమంది. నేను కథ చెప్పినప్పుడు కూడా అంత ఆనందం ఎరగను.

ఊరూరికీ జనం పెరిగారు. సిరివెళ్లలో తప్పెట్లతో ఎదురొచ్చారు. ఆళ్లగడ్డ దారిలో బండ్లు కట్టుకుని వెంట వచ్చారు. కోయిలకుంట్ల సంతలో, ఏ చోట దిగిపోయాడో అదే చోట బండి ఎక్కి మాట్లాడితే, బేరం చేస్తున్నవాళ్లు తక్కెళ్లు పట్టుకునే వచ్చి విన్నారు. మా ఆయన ఎద్దులకు కూడా పొగరెక్కిందని నవ్వేవాడు.

రెడ్డికి కూడా రోంత ఎక్కింది. ఒక ఊళ్లో చప్పట్లు ఆగడం లేదు. ఆ ఊపులో ఆయన, తాను ప్రెసిడెంటు అయితే ఏ చేనూ ఎండదని, రెండో పంటకు కూడా నీళ్లు పారిస్తానని అనేశాడు. నేను చేతులు కట్టుకున్నాను. ఆయన చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకుని ఇంకా రెండు మాటలు కలిపాడు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

తిరిగి వచ్చేటప్పుడు బండి వాగు దగ్గర ఆగింది. నేను దిగి ఆయన దగ్గరికి పోయాను. "నీళ్లు పుట్టించేది నువ్వు గాదు రెడ్డీ. ఉండే నీళ్లు వంతుల్లెక్కన పంచుతానని చెప్పు, సాలు. రేపు రెండో పంట ఎండితే వాళ్లు నీ ఇంటి ముందరికొస్తారు, నంద్యాలకు పోరు," అన్నాను.

రెడ్డి ముఖం ఎర్రబడింది. ఆయనతో అట్లా మాట్లాడినవాళ్లు లేరు, అందులోనూ మా గేరి ఆడది. మా ఆయన ఎద్దుల కాడి సవరిస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టాడు. రెడ్డి వాగు ఇసుక వైపు చూస్తూ నిలబడి, చివరికి, "చప్పట్లు వింటాంటే నాలిక నా మాట వినల్యా అమ్మీ," అన్నాడు. మరుసటి రోజు అదే ఊరికి మళ్లీ పోయి, నిన్న అన్న మాట తప్పని చెప్పి వచ్చాడు. ఆ ఊరివాళ్లు చప్పట్లు కొట్టలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం బండిలో కర్బూజాలు వేశారు.

ఎన్నిక దగ్గరపడింది. అప్పుడు పుట్టింది ఆ మాట. రెడ్డి మాలగేరిలో నీళ్లు తాగాడని. గోడల మీదినుంచి చూసిన వాళ్లెవరో పనిపాటల్లో అని ఉంటారు, అది ఊరు దాటింది, ప్లీడరు మనుషుల చెవిన పడింది. వారం తిరక్కుండా తాలూకా అంతా అదే మాట. రెడ్డి సొంత అన్నదమ్ములు ఇంటికి రావడం మానేశారు. రామలక్ష్మమ్మ ఆయనకు విస్తరి నడవాలో వేస్తున్నదని, వంటింటి గడప తొక్కనివ్వడం లేదని పాలు పోసే ఆమె చెప్పింది.

ఆఖరి మీటింగు ముందు రోజు రెడ్డి మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ప్లీడరు రేపు జనం ముందే అడుగుతాడని అందరికీ తెలుసు. మా మామే ముందుగా మాట్లాడాడు. "తాగల్యా అని చెప్పు రెడ్డీ. మేం కాదనం. గేరిలో ఒక్కరూ నోరు తెరవకుండా నేను చూసుకుంటా. మాకు గూడా నీళ్లు కావల్ల."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నన్ను బాధపెట్టింది అదే.

రెడ్డి నా వైపు చూశాడు. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో అన్నీ నేనే చెప్పినదాన్ని. ఆ ఒక్కదానికి మాత్రం నేను నోరు విప్పలేదు. నా ఇంటి నీళ్లు తాగానని చెప్పమని నేను అడగలేను, తాగలేదని చెప్పమని అంతకంటే అనలేను. ఆయన కాసేపు ఉండి వెళ్లిపోయాడు.

మరునాడు ఆళ్లగడ్డ సంతపేటలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకపక్క తడికె కట్టి, దాని చాటున రెండు కడవలు పెట్టారు. ప్లీడరుగారి కడవకు సున్నపు బొట్లు, రెడ్డి కడవకు ఎర్రని జాజు బొట్లు. చదువు రానివాళ్లు ఎక్కువ గనుక సంఘం వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. సభ్యుడికి ఒక చింతగింజ ఇస్తారు, తడికె వెనక్కి పోయి ఏదో ఒక కడవలో వేసి రావాలి. ముందు ఇద్దరూ మాట్లాడాలి, తర్వాత గింజలు.

ప్లీడరు ముందుగా లేచాడు. ఉన్న మాట చెప్పాలి, అంత బాగా మాట్లాడే మనిషిని నేను ఎన్నడూ వినలేదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు దించాలో ఆయనకు ఎవరూ కొంగుతో చెప్పనక్కరలేదు. చివరికి నవ్వుతూ, కంబగిరిరెడ్డికి దాహం ఎక్కువని విన్నాను, ఆ దాహం ఎవరింట తీరిందో ఆయన నోటితోనే చెబితే విని సంతోషిద్దామని కూర్చున్నాడు. ముందు వరసల్లో నవ్వులు లేచాయి.

రెడ్డి లేచాడు. నేను జనం చివర మా వాళ్ల మధ్య నిలబడి కొంగు పట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"తాగినా," అన్నాడు. "ఒక చెంబు గాదు, రెండు చెంబులు. జొన్నలదిన్నె శాంతయ్య ఇంట్లో. గొంతెండింది, తాగినా. పక్కన నీళ్లుంటే గొంతెండినోడు ఇంకేం చేస్తాడు? మా వరి గూడా అట్లే ఎండింది. పైన తూము మీద మంచమేసి పండుకోనుండారు, మేం బతిమాలినా లెయ్యల్యా. శాంతయ్య ఇంట్లో కడవ మీద ఎవురూ పండుకోల్యా. నాకు తెలిసింది ఇంతే."

అంతే, కూర్చున్నాడు. అంతకుముందు నవ్వించినవన్నీ, ఏడిపించినవన్నీ మూటలోనే ఉండిపోయాయి. సంతపేటలో ఎవరూ కదలలేదు. చప్పట్లు లేవు. అయిపోయిందనుకున్నాను. మా మామ నా పక్కనే ఉన్నాడు. తలగుడ్డ విప్పి, ముఖం తుడుచుకుని, మళ్లీ చుట్టుకోవడం మర్చిపోయాడు.

ముందు వరసల పక్కనుంచి గిడ్డమ్మ లేచింది. కర్ర తాటించుకుంటూ గింజలు ఇచ్చే బల్ల దగ్గరికి పోయి చెయ్యి చాపింది. "ఆ గింజ ఇట్లియ్యప్పా. ఎండెక్కుతాది, ఇంటికి పోవల్ల."

ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. దరఖాస్తు పెట్టుకుని సర్కారు భూములకు పట్టాలు పొందిన మా గేరివాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. వాళ్లను వేరే వరస కట్టమని ఒకాయన కేకలేశాడు గాని, అప్పటికే వరస కలిసిపోయింది, విడదీయడం ఎవరి వల్లా కాలేదు.

లెక్కపెట్టడం పొద్దు వాలేదాకా సాగింది. ఒకసారి ప్లీడరు కుప్ప పెద్దగా కనిపించేది, ఒకసారి రెడ్డిది. మా ఆయన బండి చక్రం మీదికెక్కి చూస్తూ నాకు చెబుతున్నాడు. ఉన్నట్టుండి కిందికి దూకి నా చెయ్యి పట్టుకున్నాడు. పదిమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. రెడ్డి గెలిచాడు. పెద్దగా తేడా ఏమీ లేదు, ఒక దోసెడు గింజలు. ఆయన అన్నదమ్ముల గింజలు సున్నపు బొట్ల కడవలోనే పడ్డాయని తర్వాత వాళ్లే చెప్పుకున్నారు. పై ఊళ్ల గింజలు కొన్ని ఇటు పడ్డాయని కూడా తెలిసింది. ఎవరివో ఎవరూ చెప్పుకోలేదు.

ప్రెసిడెంటయినా రెడ్డి నడవాలోనే తిన్నాడు. శుద్ధి చేయించుకోమని రామలక్ష్మమ్మ అడిగింది, ఆయన చేయించుకోలేదు. ఆషాఢంలో కాలవ వదిలినప్పుడు ఆయన రాత్రీ పగలూ గట్టుమీదే ఉండి వంతులు నడిపించాడు. నీళ్లు మా చివరి చేలకు ఆలస్యంగానే వచ్చాయి, ఒక తడి తక్కువగానే వచ్చాయి. అయినా వచ్చాయి. ఆ మొదటి రోజు రామలక్ష్మమ్మ గట్టు మీదికి సద్దిమూట తెచ్చి, ఆయన పక్కన కూర్చుని తినిపించి పోయిందని విన్నాం. వంటింటి సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

కాలవ వచ్చిన వారమే, ఆదివారం. వాగు పొంగి పాస్టరుగారు రాలేకపోయారు. చర్చి నిండా జనం, వానకు తడిసిన గొంగళ్ల వాసన. మా మామ ఎప్పటిలాగే బల్ల వెనక నిలబడి వాక్యం తెరిచాడు. పుట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను ఆడవాళ్ల చాప అంచున కూర్చుని ఉన్నాను.

"ఈ పొద్దు నాకు అక్షరాలు సరిగ్గా అగుపడల్యా," అన్నాడు. నిన్ననే చినుకుల్లో నిలబడి దబ్బనంతో గోనెసంచి కుట్టినవాడు. ఆయన బల్ల మీద గ్రంథం తెరిచే ఉంచి, అక్కడినుంచి ఇవతలికి నడిచి వచ్చాడు.

"అమ్మీ, నువ్వు పో," అన్నాడు నెమ్మదిగా.

మా ఆయన మొగవాళ్ల వైపునుంచి తల ఎత్తి చూశాడు. నేను లేచి బల్ల దగ్గరికి పోయి వెనక్కి తిరిగి చూస్తే, మా మామ నేను లేచిన చోట, ఆడవాళ్ల చాప అంచున, మోకాళ్లు ముడుచుకుని, అందరితో పాటు నా ముఖం వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు.

నేను నోరు తెరిచాను.